వలలోనే ఒక తలుపు: గోదావరి తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ

2025 జనవరిలో కాకినాడ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరాలు పెద్ద సంఖ్యలో కొట్టుకువచ్చాయి. పత్రికలలో వార్తలు వెలువడిన వెంటనే రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి, అటవీ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ ఆ మరణాలపై విచారణకు ఆదేశించారు. ఇది ఆ ఒక్క ఏటి విషయం కాదు. శీతకాలం వచ్చిందంటే గోదావరి ముఖద్వారాల నుంచి ఉప్పాడ దాకా ఇసుక తిన్నెల మీద చనిపోయిన తాబేళ్లు కనిపించడం తీర గ్రామాలకు పరిచితమైన దృశ్యమే. ఒక ఏడు తక్కువగా, మరొక ఏడు ఎక్కువగా కనిపించవచ్చు. కారణం మాత్రం ప్రధానంగా ఒక్కటే. గుడ్లు పెట్టడానికి తీరానికి చేరువయ్యే తాబేళ్లు, రొయ్యల కోసం అదే నీటిలో లాగే ట్రాల్ వలలు ఒకే కాలంలో, ఒకే చోట ఎదురవుతున్నాయి.

ఈ సమస్యను అటవీ శాఖకో, జంతు ప్రేమికులకో సంబంధించినదిగా చూడడం పరిపాటి. వాస్తవానికి ఇది చాలా వరకు విస్తరణకు సంబంధించిన సమస్య. పరిష్కారం పరిశోధనశాల దాటి చాలా కాలమైంది. అది పడవ మీదికి మాత్రం చేరలేదు.

నదీముఖానికే ఎందుకు వస్తాయి

ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్లలో చిన్న జాతి. పెరిగిన తాబేలు డిప్ప పొడవు సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు. బరువు 35 నుంచి 45 కిలోల వరకు ఉంటుంది. జెల్లీ చేపలు, పీతలు, రొయ్యలు, నత్తలు దీని ఆహారం. జీవితమంతా సముద్రంలోనే గడిపినా ఊపిరి పీల్చడానికి నీటి పైకి, గుడ్లు పెట్టడానికి నేల మీదికి రాక తప్పదు. మనిషి చేతిలో ఇది దెబ్బతినేది ఈ రెండు అవసరాల వద్దనే.

ఒడిశాలోని గహీర్మఠ, రుషికుల్య తీరాలలో ఈ తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒకేసారి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య వద్ద సుమారు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టినట్లు లెక్క తేలింది. గోదావరి తీరంలో అటువంటి సామూహిక రాక లేదు. ఇక్కడ ఒక్కొక్కటిగా, చెదురుమదురుగా వస్తాయి. కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలాండ్, ఉప్పాడ పరిసరాలు, వైనతేయ ముఖద్వారం వద్ద ఓడలరేవు, వశిష్ఠ ముఖద్వారం వద్ద అంతర్వేది, సఖినేటిపల్లి తీరాలు అవి గుడ్లు పెట్టే చోట్లు. జిల్లాల పునర్విభజన జరిగిన 2022 నుంచి ఈ తీరం కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచుకోబడి ఉంది. కనుక పర్యవేక్షణ కూడా మూడు జిల్లాల యంత్రాంగాల సమన్వయాన్ని కోరుతుంది.

నదీముఖాల వద్ద మెత్తని ఇసుక తిన్నెలు ఏర్పడడం తాబేళ్లకు అనుకూలం. గోదావరి తెచ్చే ఒండ్రు, పోషకాలు, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవులు కలిసి ఈ తీరజలాలను రొయ్యలకు, చేపలకు పుట్టినిల్లుగా మార్చాయి. తాబేళ్లను రప్పించే నదీముఖమే ట్రాలర్లను కూడా రప్పిస్తున్నది. ఈ ఘర్షణ ఎవరి దుర్బుద్ధి వల్లనో పుట్టినది కాదు. డెల్టా స్వభావంలోనే ఉంది.

వలలో మరణం ఎలా సంభవిస్తుంది

ట్రాల్ వల గరాటు ఆకారంలో ఉంటుంది. రెండు బరువైన పలకలు నీటి ఒత్తిడికి ఇరువైపులకు విడిపోయి వల నోటిని తెరిచి ఉంచుతాయి. కింది తాడు సముద్రపు అడుగును రాసుకుంటూ సాగుతుంది. లోపలికి వచ్చిన జీవులన్నీ వెనుకకు జారి చివరి సంచిలో పోగవుతాయి. వలను ఒకసారి దించితే రెండు మూడు గంటలపాటు లాగడం సాధారణం.

విశ్రాంతిగా ఉన్న తాబేలు చాలాసేపు నీటిలో మునిగి ఉండగలదు. వలలో చిక్కినప్పుడు దాని స్థితి వేరు. బయటపడే ప్రయత్నంలో రెక్కలు విపరీతంగా కొట్టుకోవడం వల్ల ఊపిరితిత్తులలో, రక్తంలో నిలువ ఉన్న ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది. కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. తాబేలు స్పృహ తప్పుతుంది, ఆపైన మునిగి చనిపోతుంది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1990లో వెలువరించిన నివేదిక ప్రకారం, వల లాగే సమయం గంటలోపు ఉంటే మరణాలు అతి తక్కువ. గంట దాటిన తరువాత అవి వేగంగా పెరుగుతాయి. తీరానికి కొట్టుకువచ్చిన తాబేళ్లలో చాలా వాటి ఒంటిపై గాయాలు కనిపించకపోవడానికి కారణం ఇదే. వాటిని ఎవరూ కొట్టి చంపలేదు. ఊపిరాడక చనిపోయాయి.

మరొక సంగతి గమనార్హం. సముద్రంలో చనిపోయిన ప్రతి తాబేలూ తీరానికి చేరదు. గాలి, ప్రవాహం అనుకూలిస్తేనే వస్తుంది. తక్కినవి నీటిలోనే కుళ్లిపోతాయి. కనుక ఇసుక మీద లెక్కించిన కళేబరాల సంఖ్య నష్టంలో ఒక భాగాన్ని మాత్రమే చూపుతుంది.

గుడ్లను కాపాడితే చాలునా

గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదలడం ప్రస్తుతం ప్రజలకు బాగా కనిపించే కార్యక్రమం. కుక్కలు, నక్కలు, అలల కోత నుంచి గుడ్లను కాపాడడానికి ఇది అవసరమే. విద్యార్థులను, గ్రామస్థులను ఈ పనిలోకి తేవడానికి దీనికి మించిన సందర్భం లేదు. అయితే ఈ ఒక్క పనితో జాతి నిలుస్తుందా అన్నది లెక్క వేసి చూడవలసిన ప్రశ్న.

ఒక ఆడ తాబేలు ఒక గూటిలో సుమారు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. సముద్రంలో చేరిన పిల్లల్లో వెయ్యికి ఒకటి మాత్రమే పెరిగి పెద్దదవుతుందన్నది సాధారణంగా చెప్పే అంచనా. దీని ఆధారంగా ఒక ఊహా గణన చేయవచ్చు. గూటికి 75 పిల్లలు క్షేమంగా సముద్రం చేరతాయనుకుంటే, వెయ్యి పిల్లలకు సుమారు 13 గూళ్లు కావాలి. పిల్లల్లో సగమే ఆడవనుకుంటే, వలలో పోయిన ఒక్క తల్లి తాబేలు స్థానాన్ని భర్తీ చేయడానికి సుమారు 26 గూళ్లను కాపాడాలి. ఆ పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైగా వేచి ఉండాలి. తల్లి తాబేలు మరణించే సమయానికి దాని కడుపులో ఉన్న గుడ్లు, రానున్న ఏళ్లలో అది పెట్టవలసిన గుడ్లు ఈ లెక్కలో లేవు.

ఈ తర్కం కొత్తది కాదు. 1987లో క్రౌజ్, క్రౌడర్, కాస్వెల్ అనే శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ అనే మరొక సముద్ర తాబేలు జాతిపై గణిత నమూనా రూపొందించారు. గూళ్లన్నింటినీ పూర్తిగా కాపాడినా, పెద్ద తాబేళ్ల మరణాలు తగ్గకపోతే ఆ జాతి క్షీణత ఆగదని ఆ నమూనా తేల్చింది. పెరిగిన, పెరుగుతున్న తాబేళ్లను కాపాడడమే జాతిని నిలబెట్టగలదని దాని సారాంశం. వ్యవసాయ పరిభాషలో చెప్పాలంటే, నారుమడికి కాపలా కాస్తూ కాపుకొచ్చిన తోటను నరకనివ్వడం వంటిది ప్రస్తుత పరిస్థితి. నారుమడి కావలసిందే. తోట నిలవకపోతే దానికి ప్రయోజనం ఉండదు.

చట్టం ఉంది, కాలం కుదరలేదు

ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. 2022 సవరణ తరువాత ఈ షెడ్యూలులోని జంతువులను వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష, కనీసం రూ. 25,000 జరిమానా విధించవచ్చు. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం 1994 కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు యాంత్రిక పడవలు వేట సాగించరాదు. ఆ జలాలు సంప్రదాయ మత్స్యకారులవి. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు ఎక్కువగా గుమిగూడేవి కూడా తీరానికి దగ్గరి నీటిలోనే. ఈ ఒక్క నిబంధన నిజంగా అమలైతే నాటు పడవ మత్స్యకారుని జీవనోపాధికి, తాబేలు ప్రాణానికి ఒకేసారి రక్షణ కలుగుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక వేట నిషేధం ఉంటుంది. దీనిని తాబేళ్లకు కూడా రక్షణగా భావించేవారు ఉన్నారు. కాలపట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ భావన నిలవదు. తాబేళ్లు నవంబరు, డిసెంబరు నెలల్లో తీరజలాలకు చేరి జత కడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు గుడ్లు పెడతాయి. నిషేధం మొదలయ్యే నాటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగుస్తుంది. చేపల సంతానోత్పత్తిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన విరామం తాబేళ్లకు ఉపకరించాలని ఆశించడం తగదు.

ఒడిశా ఈ లోటును గుర్తించి వేరే మార్గం ఎంచుకున్నది. 1997లో గహీర్మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. ధామ్రా, దేవీ, రుషికుల్య నదీముఖాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేటను నిషేధిస్తున్నది. వేట కోల్పోయిన కుటుంబాలకు ఆర్థిక సాయం అందిస్తున్నది. గోదావరి తీరంలో గూళ్లు చెదురుమదురుగా ఉండడం వల్ల అంత విస్తారమైన, ఏడు నెలల నిషేధం ఇక్కడ ఆచరణసాధ్యం కాదు. వేట సాగుతూనే తాబేలు బతికే మార్గం కావాలి. అది వల నిర్మాణంలోనే ఉంది.

తాబేలు విడుదల సాధనం

టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, సంక్షిప్తంగా ‘టెడ్’, అని పిలిచే ఈ సాధనానికి మూలం ఒక మత్స్యకారుని ఆలోచన. అమెరికాలోని జార్జియా తీరానికి చెందిన సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు తన వలను నింపేస్తున్న జెల్లీ చేపలను వదిలించుకోవడానికి వలలో ఊచల చట్రాన్ని అమర్చాడు. అదే తరువాత తాబేళ్ల రక్షణకు ఆధారమైంది. ఇది పైనుంచి రుద్దిన నిబంధనగా పుట్టలేదు, వేటలో ఎదురైన ఇబ్బందికి పరిష్కారంగా పుట్టింది. విస్తరణ కార్యకర్తలు మత్స్యకారులతో మాట్లాడేటప్పుడు ఈ చరిత్ర ఉపయోగపడుతుంది.

పని చేసే తీరు సరళం. వల గొట్టం సన్నబడే చోట, చివరి సంచికి ముందు, ఊచల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందుల నుంచి సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, ఏటవాలు వెంట జారి, వలలో కోసిన కంత గుండా బయటపడుతుంది. కంతపై కప్పిన వల ముక్క నీటి ఒత్తిడికి మూసుకొని ఉంటుంది. తాబేలు నెట్టినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ భారతీయ పరిస్థితులకు తగిన నమూనాను రూపొందించింది. దీని చట్రం 1000 మిల్లీమీటర్ల పొడవు, 800 మిల్లీమీటర్ల వెడల్పు గల అండాకారపు ఉక్కు చట్రం. లోపల నిలువుగా ఐదు ఊచలు, ఊచల మధ్య 142 మిల్లీమీటర్ల ఎడం ఉంటాయి. ఎడం ఎక్కువగా ఉంచడానికి కారణం ఉంది. మన ట్రాలర్లు రొయ్యల మీదనే ఆధారపడవు. పెద్ద చేపలు కూడా రాబడిలో భాగమే. ఆ సంస్థ జరిపిన పరీక్షల్లో రొయ్యల నష్టం 0.52 నుంచి 0.97 శాతం, ఇతర జాతుల నష్టం 2.44 నుంచి 3.27 శాతం వరకు నమోదైంది.

అమెరికా ప్రమాణం ప్రకారం ఊచల మధ్య ఎడం నాలుగు అంగుళాలు, అంటే సుమారు 102 మిల్లీమీటర్లు, మించరాదు. ఈ తేడా ఎగుమతుల విషయంలో ముఖ్యమైంది. టెడ్ లేని వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని నిషేధిస్తూ అమెరికా 1989లో చట్టం చేసింది. దీనిపై 1996లో భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి. తాబేళ్ల రక్షణ అనే ఉద్దేశం సమంజసమేనని, అమలు చేసిన తీరులో వివక్ష ఉందని 1998లో ఆ సంస్థ అప్పీలు విభాగం తీర్పు చెప్పింది. తరువాత అమెరికా అమలు విధానాన్ని సవరించుకుంది గాని షరతును వదులుకోలేదు. ఇటీవలి సంవత్సరాలలో మన సముద్రపు రొయ్యలకు ఆ మార్కెట్ మూసుకుపోయింది. చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఈ ఆటంకం లేదు. నష్టమంతా సముద్ర వేటపై ఆధారపడినవారిదే. అమెరికా ప్రమాణాలకు సరిపడే కొత్త నమూనాపై కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ కలిసి కృషి చేస్తున్నాయి.

పడవ మీదికి ఎందుకు చేరలేదు

నష్టం సుమారు మూడు శాతమే అయినప్పుడు మత్స్యకారులు ఎందుకు వెనుకాడుతున్నారు? వరిలో కొత్త యాజమాన్య పద్ధతులను రైతులు స్వీకరించే తీరును అధ్యయనం చేసినవారికి ఇందులో తెలియని విషయం లేదు.

మొదటిది, కొలిచిన నష్టానికి, కంటికి కనిపించే నష్టానికి తేడా ఉంది. సగటు మూడు శాతమే కావచ్చు. కంతలోంచి ఒక పెద్ద చేప జారిపోయిన రోజు ఆ పడవ మీద గుర్తుండేది సగటు కాదు, ఆ చేప. పైగా ట్రాలర్లపై కూలి చాలావరకు వాటాల పద్ధతిలో ఉంటుంది. పోయిన చేప యజమానికి మాత్రమే కాదు, సరంగుకు, కళాసీలకు కూడా నష్టమే. రెండవది, నదీముఖాల వద్ద కొమ్మలు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త చట్రానికి అడ్డుపడితే రొయ్యలు కంత గుండా బయటికి పోతాయి. పరీక్షల్లో కనిపించని నష్టం ఇక్కడ కలుగుతుంది. ఈ ఫిర్యాదును కొట్టివేయకుండా, స్థానిక పరిస్థితుల్లో పరీక్షించి చట్రం వాలును, శుభ్రపరచే విధానాన్ని నిర్ణయించాలి. మూడవది, చట్టంలోని శిక్ష కఠినమైనది కావడంతో వలలో తాబేలు పడిన సంగతిని పడవవారు చెప్పుకోలేరు. చెప్పనిచోట లెక్క ఉండదు, లెక్క లేనిచోట సలహా పనిచేయదు.

లాభం కూడా ఉంది. నలభై కిలోల తాబేలు సంచిలో పడితే దాని కింద రొయ్యలు నలిగి ధర పడిపోతుంది. చెత్త, జెల్లీ చేపలు బయటికి పోతే పట్టును వేరుచేసే శ్రమ తగ్గుతుంది. వీటిని నష్టంతో పాటు లెక్కించి చూపడం అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

1. పొలంలో ప్రదర్శన క్షేత్రం ఎటువంటిదో, సముద్రంలో జంట వల ప్రదర్శన అటువంటిది. ఒకే చోట, ఒకే కాలంలో టెడ్ ఉన్న వల, లేని వల లాగి, పట్టును రేవులో అందరి ముందు తూచాలి. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇందుకు తగిన వేదిక.

2. శిక్షణ యజమానులతో ఆగకూడదు. సముద్రంలో వల దించే నిర్ణయం సరంగుది. వల కుట్టేది వేరొకరు. ఈ ఇద్దరికీ నేర్పనిదే సాధనం బిగింపు సరిగా ఉండదు. వాలు తప్పిన చట్రం తాబేలును విడవదు, రొయ్యలను విడుస్తుంది.

3. సాధనం కొనుగోలుకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వంటి పథకాల సాయాన్ని అనుసంధానించాలి. మొదటి సీజనులో వాస్తవంగా కలిగిన నష్టాన్ని భర్తీ చేసే ఏర్పాటు ఉంటే స్వీకరణ వేగవంతమవుతుంది.

4. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది ముఖద్వారాల పరిసరాలలో వల లాగే సమయాన్ని గంటకు పరిమితం చేసుకోవడంపై మత్స్యకార సంఘాలతో అంగీకారం కుదర్చాలి.

5. 8 కిలోమీటర్ల నిబంధన అమలును సంప్రదాయ మత్స్యకారుల హక్కుగా కూడా ప్రచారం చేయాలి. తాబేలు పేరుతో అడిగినప్పటి కంటే అప్పుడు తీర గ్రామాల మద్దతు అధికంగా లభిస్తుంది.

6. తీరానికి వచ్చిన ప్రతి కళేబరం కొలత, లింగం, దొరికిన చోటు, తేదీ ఒకే నమూనా పట్టికలో నమోదు కావాలి. విద్యార్థుల ప్రాజెక్టులకు ఇది తగిన పని. సముద్రజీవులు తీరానికి కొట్టుకువచ్చినప్పుడు పాటించవలసిన మార్గదర్శకాలను, జాతీయ సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళికను కేంద్రం 2021లో వెలువరించింది.

వలలో చిక్కిన తాబేలుకు ప్రథమ చికిత్స

పడవ మీదికి వచ్చిన తాబేలు కదలకపోయినంత మాత్రాన చనిపోయినట్లు కాదు. చాలాసార్లు అది స్పృహ తప్పిన స్థితి. ఆ స్థితిలో నీటిలోకి విసిరితే నిశ్చయంగా మునిగిపోతుంది. దానిని వెల్లకిలా వేయకూడదు. పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనుక భాగాన్ని సుమారు అర అడుగు ఎత్తున ఉంచాలి. ఊపిరితిత్తుల్లోని నీరు నోటి గుండా బయటికి వస్తుంది. నీడలో ఉంచి తడి గోనెసంచి కప్పాలి. ముక్కు రంధ్రాలను మూయకూడదు. మధ్య మధ్య కంటి అంచునో తోకనో మెల్లగా తాకి స్పందన చూడాలి. కోలుకోవడానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు పట్టవచ్చు. చురుకుగా కదలడం మొదలైన తరువాత ఇంజను ఆపి, వలలు లేని చోట, పడవ వెనుక వైపు నుంచి తల ముందుగా నీటిలోకి మెల్లగా వదలాలి. ఈ కొద్ది సూచనలను బొమ్మలతో ముద్రించి ప్రతి పడవలోనూ అతికించడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

తెలుగు నేలపై కూర్మావతారానికి శ్రీకూర్మంలో ఆలయం ఉంది. మత్స్యకారులలో చాలామంది తాబేలును దైవంగా భావిస్తారు. దానిని చంపాలన్న కోరిక వారికి లేదు. చంపకుండా వేట సాగించే సాధనం చేతికి అందాలి, అది తమ రాబడిని దెబ్బతీయదన్న నమ్మకం రేవులో తూకం మీద కలగాలి. తాబేళ్లు మళ్లీ తీరానికి చేరే నవంబరుకు ముందు, జూన్ మధ్యలో వేట నిషేధం ముగిసి వలలు కొత్తగా కట్టుకునే రోజులు ఇందుకు అనువైన సమయం. శిక్షణ, ప్రదర్శన కార్యక్రమాలను ఆ కాలానికి సిద్ధం చేసుకుంటే, రానున్న శీతకాలంలోనే కొన్ని పడవల వలలకైనా ఆ తలుపు అమరుతుంది.